హొన్నూరప్ప నమ్మని నీళ్ళు

హొన్నూరప్ప అని ఒక గొర్రెలోడు ఉండేవాడంట. నోట్లోనుంచి మాట వచ్చిందంటే ఇంక దానికి తిరుగు లేదు, అట్లాంటి మనిషి. ఒక ఏడు వానల్లేక చెరువులు నెర్రెలిచ్చినాయి. నలుగురు గొర్రెలోళ్ళు మందలు తోలుకొని నల్లరేగడి బయల్లో పడి ఏటిపక్కకి పోతాండారు. నేల పెనం మాదిరి కాలతాంది అనుకోండి. ఏమైందంటే, మిట్టమధ్యాన్నం ఎదురుగా చెరువు మెరిసింది. హొన్నూరప్ప కడవ ఎత్తుకొని ఉరికినాడు. ఈయన ఉరికేకొద్దీ అదీ ఉరుకుతాంది. ఎండమావి గదా, యాడ దొరుకుతాది? ఉత్త కడవతో తిరిగొస్తే తోటోళ్ళు, "ఏమప్పా హొన్నూరప్పా, చేపలు పడినాయా, పులుసు పెడదామా" అని నవ్వినారంట. నవ్వితే ఏం, ఆ ఎండలో వాళ్ళకి ఉండేది ఆ నవ్వొకటే. ఈయన మాత్రం దాన్ని దులుపుకోలేదు. ఇంక పగటిపూట నేలమీద మెరిసేదాన్ని నీళ్ళని నమ్మితే నేను మా నాయనకి పుట్టలేదు అని ఒట్టు పెట్టుకున్నాడు. పెండ్లాం నింగమ్మనీ తన మందనీ తీసుకొని, ఉత్తరాన రెండామడల దూరంలో ఒక దిగుడుబావి ఉందని వేరే దారి పట్టినాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి తిత్తిలో నీళ్ళు అయిపోయినాయి. నాలుక అంగిలికి అతుక్కుంటాంది. అప్పుడు దక్షిణాన మళ్ళా మెరిసింది. నింగమ్మ అనిందంట, "ఒక్కసారి ఆ రాతిగుండు ఎక్కి చూడు మామా. మీ నాయన అట్లే చూసేవాడు గదా. ఎండమావి అయితే పైకెక్కేసరికి చెదిరిపోతాది, నీళ్ళయితే ఆడనే ఉంటాయి." గొర్రెలోళ్ళకి అది తాతలనాటి పద్ధతి. గుండు పక్కనే ఉండాది. ఈయన ఎక్కలేదు. ఎక్కితే నమ్మినట్టే గదా అని ఆయన లెక్క. ఆమే ఎక్కింది. చెదరలేదు. దిగొచ్చి చెప్తే, "ఎండకి నీ కండ్లు తిరిగినాయిలే" అన్నాడు. "అయితే నువ్వు ఇక్కడే ఉండు, నేను పోయి ముంచుకొస్తా" అనింది. "పో, రేపు నిన్ను చూసి నవ్వుతారు" అని ఈయన నడక సాగించినాడంట. గొర్రెలు దక్షిణానికి మూతులు తిప్పుతాంటే కట్టెతో కొట్టి ఉత్తరానికి తోలినాడు.

ఆమె పోయి చూస్తే నిజంగా కుంట. యాడో ఒక్క మబ్బు కురిసి పోయిన నీళ్ళు, మోకాల్లోతు. తాగి, కడవ ముంచుకొని, గొర్రెల అడుగుల జాడ పట్టుకొని వచ్చింది. హొన్నూరప్ప వెనక్కి తిరిగి చూసినాడు. ఆవిరి మాదిరి ఆడతాన్న ఎండలో ఒక ఆడమనిషి, నెత్తిన కడవ. కాళ్ళు నేలకి ఆనలేదు. నడుము కాడ తెగుతాంది, మళ్ళా అతుక్కుంటాంది. ఓహో, ఈసారి నా పెండ్లాం వేషంలో వచ్చినావా, నన్ను ఇంకోసారి ఉరికిస్తావా అనుకొని మొగం తిప్పేసినాడు. అడుగు పెద్దది చేసినాడు. ఆమె అరిచింది, అంత దూరానికి అందలేదు. ఆమె వచ్చేకొద్దీ ఈయన పోతాండాడు. గొర్రెలు నీళ్ళ వాసన పట్టి వెనక్కి మళ్ళుకున్నాయి. వీటికీ కండ్లు చెడినాయి అనుకొని వాటినీ వదిలేసి ఒంటిగా పోయినాడంట.

పొద్దు గూకేటప్పటికి ఆమె అందుకునింది. ముండ్లచెట్టు కింద బోర్లా పడి ఉండాడు. తల ఒళ్ళో పెట్టుకొని నోట్లో నీళ్ళు పోస్తే, పెదవుల పక్కనుంచి కారిపోయినాయి.

మోసపోయేది తప్పు కాదు నాయనా. కండ్లున్నోళ్ళందరూ మోసపోతారు. గుండు ఎక్కేదానికి ఇరవై అడుగులు. అవి వేయనని ఆమడ దూరం నడిచి చచ్చినాడు. గొర్రెలు మాత్రం అన్నీ బతికినాయంట. వాటికి పరువు లేదు గదా.