గ్రాముల మామయ్య తూచిన అబద్ధం

చెల్లీ, ఈ సంగతిలో ముందుది వెనక, వెనకది ముందు చెబుతానేమో, వరస నాకు కొంచెం తారుమారవుతోంది. మాటలు మాత్రం అక్షరం పొల్లు పోలేదు.

కాటాలు బాగుచేసే కొట్టు ముందు అరుగు ఒకటి ఉండేది. సాయంత్రం ఐదయ్యేసరికి గ్రాముల మామయ్య దానిమీద కూర్చునేవాడు. ముప్పై ఏళ్లు కాటాలు బాగుచేసి, కొట్టు మేనకోడలి చేతిలో పెట్టి, చేతులకు విశ్రాంతి ఇచ్చి నోటికి పని పెట్టుకున్న మనిషి. ఎదురుగా టీ కొట్టాయన, పక్కన టకటకమ్మ. ఆవిడ కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైంది.

ఆ రోజు మేనకోడలు గడప దగ్గర గుడ్డసంచి గట్టిగా పట్టుకుని నిలబడింది. సంచిలో ఐదు కేజీల తూకపు రాయి ఉంది. దాని సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. పాత కాగితాలు కొనే ఆయన కాటా తక్కువ చూపిస్తోందని ఎవరో కేసు పెట్టారు. కోర్టువాళ్లు ఆ కాటాను ఈమె చేత పరీక్ష చేయించారు. ఈ రాయి పెట్టి చూసి, కాటా తక్కువ చూపిస్తోందని రాసి సంతకం పెట్టింది. నిన్న రాయి తుడుస్తుంటే, దాని అడుగున గుంటలో పోసి ఉండాల్సిన సీసం ఊడిపోయి కనిపించింది. అంటే తక్కువైంది రాయి. కాటా పాపం ఉన్నదే చూపించింది.

రేపు పదిన్నరకి నిపుణురాలిగా బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. రాసినదానికే కట్టుబడితే కాగితాలాయన కొట్టు మూసుకోవాలి. కాదంటే, ఇక తన మాట ఎవరు నమ్ముతారు? మామయ్యను ఒంటరిగా అడుగుదామని పొద్దుటినుంచీ కాచుకుని ఉంది. ఆయన ఒంటరిగా దొరికితే కదా!

"రేపు మా పిల్ల బోనెక్కుతోంది," అని మొదలుపెట్టాడు మామయ్య. "నేను మొట్టమొదట ఎక్కిన రోజు చెబుతాను వినండి. పెద్ద విశేషమేం కాదు. పళ్లమ్మే ఆయన కాటాకి మొగ్గుందని కేసు. 'నీకు ఎంత తేడా వరకు తెలుస్తుందయ్యా?' అన్నారు జడ్జిగారు. 'గ్రాము వరకు తెలుస్తుందండీ' అన్నాను. అంతే, ఉన్నమాట."

"గ్రామంటే మాటలా అన్నా!" అన్నాడు టీ కొట్టాయన, గ్లాసు చేతికిస్తూ.

"గ్రామేంటోయ్, అది వినయానికి చెప్పాను. జడ్జిగారు ఓ తెల్లకాగితం ఇచ్చి తూచమన్నారు, తూచాను. దాని మీద సంతకం పెట్టి మళ్లీ ఇచ్చారు. సిరా బరువు విడిగా చెప్పాను. చెప్పి ఊరుకున్నానా? 'అయ్యా, పేరులో మూడో అక్షరం దగ్గర చెయ్యి బరువుగా వేశారు, పొద్దున ఇంట్లో మాటా మాటా అనుకున్నారా?' అన్నాను. పాపం, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేమిటి?"

"ప్లీడరు లేచి 'ఇదంతా గారడీ' అన్నాడు. ఆ మాట గాల్లో ఉండగానే పళ్లెంతో పట్టాను."

"మాటనా!"

"మాటనే. డెబ్బై గ్రాములు తూగింది. నిజం వేస్తే పళ్లెం కదలదు, దానికి బరువుండదు. బరువంతా అబద్ధానికే. అందుకే చెప్పేవాడికి ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది. మోస్తున్నాడు కదా మరి!"

"ఆ డెబ్బై గ్రాములు నేను టైపు చేసినట్టు లేదే అన్నయ్యగారూ," అంది టకటకమ్మ, టీ ఊదుకుంటూ.

"నీ మిషన్ చప్పుడులో నీకు వినపడి ఉండదు చెల్లెమ్మా. సరే, అవతలి సాక్షి వచ్చాడు. 'కళ్లారా చూశాను' అని ఒక్కమాట అన్నాడు. పళ్లెం ధన్‌మని బల్లకి కొట్టుకుంది. రెండోమాటకి బల్ల నేలలో మోకాలిదాకా దిగబడింది. ఇటు పళ్లెం దిగితే అటుది లేవాలి కదా, అటు జడ్జిగారున్నారు. కుర్చీతో సహా లేచారు! ఫ్యాను ఆపండని నేనే అరిచాను కాబట్టి సరిపోయింది. అయినా ఆయన చలించలేదు, ఎంత నిబ్బరమో, పైనుంచే 'తర్వాతి సాక్షి' అన్నారు. ఇక చూస్కో, భవనం మొత్తం ఒరిగింది. పక్క హాల్లో విడాకుల కోసం వచ్చిన మొగుడూ పెళ్లాం చెరో గోడ దగ్గర నిలబడ్డవాళ్లు జారుకుంటూ వచ్చి ఒకరి ఒళ్లో ఒకరు పడి, అక్కడికక్కడే రాజీ అయిపోయారు!"

టీ కొట్టాయన నవ్వలేక అరుగు పట్టుకున్నాడు. మేనకోడలికి మాత్రం నవ్వు రాలేదు. ఇంకో కథ మొదలైతే పొద్దుపోతుందని గబుక్కున అడిగేసింది.

"మామయ్యా, నిపుణుడు చెప్పింది తప్పని తర్వాత తెలిస్తే?"

"తప్పా! నిపుణుడు మాట వెనక్కి తీసుకోవడమా! ముప్పై ఏళ్లలో నా మాట ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదే. వచ్చి ఉంటే ఆ పూటే కొట్టుకి తాళం వేసి తాళంచెవి పారేసేవాణ్ణి."

ఆమె మొహం మాడిపోయింది. సంచి పట్టుకుని లోపలికి తిరిగింది.

టకటకమ్మ అది చూసింది. గ్లాసు కింద పెట్టింది.

"ఒరిగిన మాట నిజమే అన్నయ్యగారూ. భవనం కాదు, బల్ల. నా బల్ల."

"ఇప్పుడదెందుకులే చెల్లెమ్మా..."

"ఉండండి. పొద్దున మీరు పళ్లాయన కాటా నా బల్ల మీద పెట్టి, మొగ్గుంది, దొంగకాటా అన్నారు. టైపు చేశాను. భోజనాల వేళ నా పెన్సిలు దొర్లి మీ కాళ్ల దగ్గర పడింది. అది రోజూ దొర్లేదే, నేను రోజూ వంగి తీసుకునేదాన్నే, నాకెప్పుడూ ఏమీ తోచలేదు. మీరు తీసి బల్ల మీద పెట్టారు, మళ్లీ దొర్లింది. నీళ్లగ్లాసు తెచ్చి పెట్టి, వంగి నీళ్లు ఎటు వాలాయో చూశారు. ఇక ఆ పూట అన్నం ముట్టలేదు. రెండింటికి ఎవరూ పిలవకుండానే బోనెక్కి, 'అయ్యా, పొద్దున నేను చెప్పింది తప్పు. వంకర కాటాలో లేదు, బల్లలో ఉంది' అన్నారు. 'తప్పు' అన్న దగ్గర మీ గొంతు పూడుకుపోయింది. వినపడక నేను మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పారు."

మేనకోడలు గడపలోనే ఆగిపోయింది.

"మరి జడ్జిగారు పైకి లేవలేదా?" అన్నాడు టీ కొట్టాయన.

"లేవలేదు. బల్ల కాలు కింద చెక్కముక్క పెట్టించారు. పళ్లాయన కాటా పళ్లాయనకి ఇప్పించారు. ఆ తర్వాత ఏ తూకం కేసు వచ్చినా ఈయన్నే పిలవమనేవారు."

మామయ్య మెడ గోక్కున్నాడు. "అదంతా చెబితే ఎవరు వింటారు చెల్లెమ్మా? అందులో కోతలు కొయ్యడానికి చోటేదీ?"

మేనకోడలు వచ్చి రాయి తీసి, తిరగేసి, ఆయన చేతిలో పెట్టింది. "దీంతోనే తూచాను మామయ్యా. సీసం ఊడిపోయిందని నాకు నిన్నటిదాకా తెలియలేదు."

మామయ్య గుంటలో వేలు పెట్టి, చుట్టూ తిప్పి, లోతు చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

"అరవై... కాదు, అరవై రెండు గ్రాములు. కాటా ఎంత తక్కువ చూపించిందని రాశావు?"

"అరవై రెండు," అంది ఆమె.

ఈసారి టీ కొట్టాయన నవ్వలేదు.

"అయితే కొట్టుకి తాళం వెయ్యనా మామయ్యా?"

"దేనికే! పొద్దున్నే తియ్యి, రాయికి సీసం పోయాలి. పదిన్నరకి బోనెక్కగానే, వాళ్లు అడిగేదాకా ఆగకుండా, ఇదే ముందు చెప్పు. ఒక్కసారే గట్టిగా చెప్పు తల్లీ. రెండోసారి చెప్పాల్సి వస్తే మహా కష్టం."

ఆమె ఒక్కసారే చెప్పింది. వెనక వరస బెంచీదాకా వినపడింది. కాగితాలాయన తన కాటాని సైకిలు వెనక కట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అరుగు మీద మామయ్య చెబుతుంటే, రాయి అడుగున గుంటలో ఆయన చెయ్యి మోచేతిదాకా పట్టిందట, అడుగున ఇంకా చల్లగా గాలి కూడా వీచిందట.

చెల్లీ, ఆ టైపిస్టుగారిని టకటకమ్మ అనేవాళ్లమా, పటపటమ్మ అనేవాళ్లమా? నీ జ్ఞాపకం నాకంటే గట్టిది, పేర్లు ఒకసారి సరిచూసి పెట్టు.