అవ్వ వేసిన ముగ్గు

వీడియో గేమ్ ఆర్ట్ డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న మనవరాలు, ఆర్.ఎస్. పురం ఫ్లాట్‌లో తాత పక్కన కూర్చుని తన ప్రాజెక్టు చూపిస్తోంది. తమిళం కలిసిన వాళ్ళ ఇంటి తెలుగులో 'ఇదే' అనడానికి 'ఇది దా' అంటారు.

"ఇది మన కినత్తుకడవు ఊరి ఇల్లు దా! కొబ్బరి చెట్లు, తిన్నె, అన్నీ అట్లే ఉండాయే!"

"ఆ నడిచే మనిషి మీరు దా తాతా. ఈ బటన్ నొక్కితే ముందుకు పోతారు."

"నిలుపు అమ్మణి. వాకిట్లో ముగ్గెందుకు వేస్తివి? మీ అవ్వ పోయి ఇంకా ఏడాది తిరగలేదే. అంతవరకూ ముగ్గు వేయకూడదని తెలీదా?"

"తెలుసు తాతా. ఇది అవ్వ వేసిన ముగ్గే. ఫోన్‌లో ఫోటో ఉండె, అది చూసి గీస్తిని. ఈ గేమ్‌లో అవ్వ ఇంకా ఉండాది."

"ఉండాదా? యాడ?"

"లోపల, వంటింట్లో."

"అయితే తలుపు తియ్యి."

"అది తెరుచుకోదు తాతా. ముందు గోడ మాత్రం దా చేస్తిని, దాని వెనక ఏమీ లేదు. ఎన్నిసార్లు చేసినా అవ్వ మొగం నాకు రాలేదు."

తాత తెర మీది తిన్నెను వేలితో చూపించాడు.

"పరవాల్లేదు అమ్మణి. తిన్నె మీదే కూర్చుంటా. నన్ను పక్కగా నడిపించు. ముగ్గు తొక్కితే మీ అవ్వ కోప్పడుతుంది."