ఎనిమిదింటికీ ఆర్డర్ నాలుగే

కువైట్‌లోని మిర్కాబ్‌లో జరిగే గణిత సదస్సుకు ఇండియా నుంచి వచ్చిన ప్రొఫెసర్‌ను, సల్వాలో తనను పనికి పెట్టుకున్న కఫీల్ కారులో తీసుకెళ్తున్నాడు డ్రైవర్.

"ఈపొద్దు దేని గురించి చెప్తాండారు సార్?"

"నీకర్థం కాదులేవయ్యా. గ్రూపులు, కోసెట్లు."

"ఒక సబ్‌గ్రూపు కోసెట్‌లో మూలకాలన్నిటికీ ఆర్డర్ ఒకటే అయితే ఆ సబ్‌గ్రూపు కమ్యుటేటివ్. అదే కదా?"

వెనక సీట్లో కాగితాల చప్పుడు ఆగింది.

"ఎవరు నువ్వు?"

"కడపలో మీ కింద రీసెర్చి చేసినోణ్ని. ఆ సిద్ధాంతం నా నోట్‌బుక్కులోది. మీ పేరుతో అచ్చేసుకుంటిరి."

"గంగాధర్! ఆ పాత సంగతులిప్పుడెందుకు?"

"అది తప్పు సార్. ముప్పై రెండు మూలకాల గ్రూపు ఒకటుండాది. అందులో ఒక కోసెట్‌లో ఎనిమిదింటికీ ఆర్డర్ నాలుగే. సబ్‌గ్రూపు మాత్రం కమ్యుటేటివ్ కాదు."

ప్రొఫెసర్ కాగితం మీద రాసి చూసుకున్నాడు. గంగాధర్ చెప్పినట్టే వచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మీరు అచ్చేసిన వారానికే."

"పన్నెండేళ్లుగా చెప్పలేదేం?"

"మీరింకా పైకెక్కాలని."

గంగాధర్ హాలు ముందు కారాపి, వచ్చి వెనక తలుపు తీశాడు.

"వెనక్కి తిప్పు. ఒంట్లో బాగాలేదని చెప్తాను."

"మా కఫీల్ కూతురు లెక్కల్లోనే ఎమ్మెస్సీ సార్. మొదటి వరసలో కూర్చోనుంది. ఆ గ్రూపును ఆయమ్మకు నేర్పించింది నేనే. దిగండి, మీకోసం చూస్తాంది."