నెలనెలా రుజువు

లేడీ డాక్టర్ గది. బల్లకి ఇవతల లిఫ్టు మెకానిక్, పక్కన అతని భార్య. తలుపు వేసి ఉంది.

“మళ్ళీ అదే మాట! కడుపు లేదయ్యా. రక్తపరీక్షలో కూడా తేలిందిగా.”

“మరి నెలసరి ఎందుకాగింది డాక్టరమ్మా? నేను పని మీద ఊళ్ళో లేనప్పుడే ఎందుకాగాలి?”

“గర్భసంచిలో పెట్టిన లూప్ వల్ల. అందులోంచి కొంచెం కొంచెంగా హార్మోన్ వస్తుంది. దాంతో గర్భసంచి లోపలి పొర పల్చబడుతుంది. పొరే పెరగకపోతే నెలనెలా రాలిపోవడానికేముంటుంది?”

“అంటే ఆ చెడురక్తమంతా లోపలే పేరుకుపోతోందన్నమాట.”

“పేరుకుంటోంది నీ బుర్రలో. అక్కడ తయారైతేగా పేరుకోవడానికి!”

“సరే, కడుపు రాకుండా ఆపేది కూడా ఆ పొరేనా?”

“ముఖ్యంగా ఆపేది గర్భసంచి మూతి దగ్గర. అక్కడి జిగురు చిక్కబడిపోయి నీ వీర్యకణాల్ని లోపలికి పోనివ్వదు.”

“నావే ఏంటి? ఎవడివైనా పోనివ్వదుగా.”

“ఏమన్నావ్?”

“నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణండీ. లోపల కెమెరా పనిచెయ్యకపోతే ఎవడెక్కాడో ఎవడు దిగాడో ఎలా తెలుస్తుంది?”

“ఛీ! పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాట ఎలా వచ్చిందయ్యా నీ నోటికి? ఏమ్మా, నువ్వు మాట్లాడవేం?”

“అదేం మాట్లాడుతుంది? నిన్న మా ఇంట్లో కూడా ఇలాగే, బెల్లం కొట్టిన రాయిలా...”

“ఇంట్లో ఏం చేశావ్?”

“కడుపుందో లేదో పుల్ల పరీక్ష చేయించాను. మా అమ్మ, మా బావ, అందరి ముందూ. లేదని ఒక్క గీతే వచ్చింది.”

“వచ్చాకైనా నమ్మావా?”

“వస్తే? నెలసరి నెలనెలా నా కళ్ళబడితే గానీ నాకు నమ్మకం కుదరదు. తీసెయ్యండి ఆ లూప్‌ని.”

“నీ నమ్మకానికి ఆవిడ నెలనెలా రుజువు చూపించాలా? అది ఆవిడ ఒళ్ళు. ఆవిడ అడగందే నేను చెయ్యి వెయ్యను. నువ్వు బయటికి నడు.”

“నాకది తీసెయ్యండి డాక్టర్‌గారూ.”

“చూశారా! వచ్చింది దారికి. మీ చదువులన్నీ నా ముందెంత?”

“నువ్వు నోర్మూసుకో. అమ్మా, ఇతను బెదిరించాడా?”

“లేదండీ. నేనే అడుగుతున్నా.”

“తీసిన వెంటనే కడుపు రావచ్చు, తెలుసా? ఇంకేదన్నా రాసివ్వనా?”

“అవసరం లేదండీ. ఈయన బిడ్డ వద్దనే అది పెట్టించుకున్నాను. ఇప్పుడు ఈయనే వద్దు.”