తాండూరు సుశీల ఫోను

"అమ్మమ్మా, తాండూరు సుశీలమ్మమ్మ మనకు సుట్టం గాదు గద, మరి నీకెట్ల దోస్తయింది?"

సుట్టమేడిది బిడ్డా. వాళ్లు తాండూరుల కిరాణం దుకాణమోళ్లు, మేము ధారూర్ కాడ గొర్లు కాసెటోళ్లం. తొమ్మిదో తరగతి ఎండకాలం సెలవులల్ల, కాదు కాదు, ఎనిమిదే, టీచరమ్మలు ఆడపిల్లలను అనంతగిరి గుట్ట మీద క్యాంపుకు తోల్కవోయిన్రు. నాలుగైదు బడుల పిల్లలం, డేరాలల్ల ఉండుడు.

మా అమ్మ నా భుజం మీద గొంగడేసి పంపింది. మా మేనమామ నేసిందది, ఆయన చెయ్యి అసొంటిది, ఇప్పుడు గట్ల ఎవ్వరు నేస్తలేరు. సరే, ఏం చెప్తున్న... ఆ, ఒకనాడు మాపటీలి ఆన దంచింది. సుశీల దుప్పటి తడిసి ముద్దయింది. పిల్ల వణుకుతున్నది గని నా గొంగట్లకు రాదు. ఒకరి పక్కబట్టలు ముట్టొద్దని వాళ్ల నానమ్మ ఒట్టు పెట్టిచ్చుకున్నదంట. నాకు మస్తు కోపమొచ్చింది. "ఓ పిల్లా, ఉన్నికి అంటుండదు. మీ నానమ్మ పూజకు ఏం పరుచుకుంటది?" అన్న. జర ఆలోచన జేసి, "ఉన్నిదే" అని లోపటికి జొచ్చింది. గొర్ల వాసనకు ముక్కు మూసుకున్నది గని నోరు మూస్తెనా! ఇంటికి పోయి చెప్తే ఆ ముసలమ్మ గూడ ఏమనలేదంట, ఉన్నిది గద.

గప్పటిసంది దోస్తులం. పెండ్లిళ్లయినయి, పిల్లలయిన్రు, ఆమె ముచ్చట మాత్రం ఆగలే. ఫోన్లొచ్చినంక ఆదివారమాదివారం చేసేది. నేను 'ఊఁ' కొట్టుడే.

పోయిన చలికాలం ఆమెకు పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. రైలెక్కి పోయి చూసొచ్చిన. నన్ను గుర్తువట్టింది, కండ్లనీళ్లు దీసింది, మాట రాలే. కోడలు మంచిదే, గని "ఇగ ఫోనెందుకు పెద్దమ్మా, ఆమె మాట్లాడది గద" అన్నది. ఇన్నేండ్ల ముచ్చట గట్ల ఆగిపోతదా? "నువ్వు చెవికాడ పెట్టు, నేను మాట్లాడుత" అన్న.

మాట్లాడుడు నాకేడ అలవాటు? గొర్లీనిన ముచ్చట, మామిడికాయ తొక్కు, మీ తాత అలుగుడు, అన్ని చెప్పిన మొన్న ఆదివారం. ఒడిసినయి. ఇగ పెట్టేద్దామని ఊకున్న. ఫోన్ల టక్కు టక్కుమని సప్పుడు. ఏందమ్మా అంటే కోడలు, "అత్తమ్మ గోరుతోని ఫోను మీద కొడ్తున్నది పెద్దమ్మా, ఇంక చెప్పమంటున్నది" అన్నది.

ఏం చెప్పాలె బిడ్డా, ఏడ్చుకుంటనే నీ ముచ్చట ఎత్తుకున్న. నీ చదువు, నీ పొగరు, అన్ని. సల్లగుండు తల్లీ. నువ్వు ఊకుంటే గట్ల అడిగెటోళ్లు నీగ్గూడ ఒక్కలన్న ఉండాలె...