యే కుళ్లాయప్ప?

ఏమి వీరేషూ, ఈసారి జిల్లా బాస్కెట్‌బాల్ జట్టులోకి యే పన్నెండుమంది వస్తారో నన్ను చెప్పమంటావా? చెప్పనప్పా. ఉగ్గాని తిను, బజ్జీలు వేడిగుండాయి. నవ్వద్దు, నాకు మండుతాది. ఎదురుగ్గా గ్రౌండు, ఈడ నా అంగడి. జన్మలో ఒగేసారి బంతి విసిరినా, అది పోయి నా బాణలిలోనే పడె. అట్లాంటోన్ని ఊరికంతా జోస్యం చెప్పినా.

తొంబైతొమ్మిదిలో శింగనమల నుంచి కుళ్లాయప్ప అని ఇరవై ఏండ్లోడు వస్తాండె. చెప్పులు నా బల్ల కింద పెట్టి ఉత్తకాళ్లతో ఆడేవాడు. ఏమి ఆటప్పా అది! వాళ్లమ్మ హనుమక్క శెనిక్కాయ కూలికి పోతాండె. వానిది రోజూ ఒగటే పాట: "శేషన్నా, జిల్లా జట్టులో పోయి రాష్ట్రం పోటీ ఆడితే కాగితమిస్తారంట, పోలీసు ఉద్యోగానికి పనికొస్తాదంట." సెలక్షనుకు ముందు నేను బొగ్గు తీసుకోని అంగడి గోడ మీద పన్నెండు పేర్లు రాసినా. టైలరు బసప్ప ఊరుకుంటాడా? "ఒగటి తప్పినా నీ మీసం గొరుగుతా శేషయ్యా" అన్నె. నా మొగంలో చూడదగ్గది అదొగటే. అయినా "గొరుగుపో" అంటి.

నోటీసు బోర్డులో లిస్టు పడె. పన్నెండుకు పన్నెండు! నన్ను ఎత్తుకోని తిప్పినారు. హనుమక్క బెల్లం పంచింది. మూడోరోజు పొద్దున జట్టు బస్సెక్కేటప్పుడు "నువ్వు గాదురా, ఆ కుళ్లాయప్ప" అని వీన్ని దింపేసినారు. మన జిల్లాలో కుళ్లాయప్ప సామికి మొక్కుకోని పెట్టే పేరు గదా, వీధిలో నిలబడి కుళ్లాయప్పా అంటే నలుగురు తిరిగి చూస్తారు. ఆ ఇంకో కుళ్లాయప్ప సెలక్షను కమిటీ పెద్దమనిషి బామ్మర్ది కొడుకు. వాడు బంతి పట్టుకుంటే గుమ్మడికాయ బేరం చేస్తాన్నట్టుంటాది! లిస్టులో ఇనీషియల్ రాయలేదు, దొంగనాకొడుకులు. మరిచిపోయినారనుకున్నావా? ముందే తెలిస్తే గొడవైతాదని, కావాల్నే.

వీడు పరిగెత్తుకోని ఈడికొచ్చినాడు. "అన్నా, బస్సు ఇంకా కదల్లేదు. నీ మాట అందరూ ఇంటారు. నువ్వు రాసింది నన్నే గదా, వచ్చి ఆ మాట చెప్పు సాలు." బసప్ప అదో, ఆ బల్ల మీదే కూచోనుండె, నా మీసం చూసుకుంటా. నేను నోరిప్పితే పన్నెండు పదకొండైతాది. నేనేమన్నానో తెలుసునా? "నేను కుళ్లాయప్ప అని రాసినా. యే కుళ్లాయప్ప అని రాయలేదు గదప్పా." కమిటీవోళ్లను తిడతాండా గానీ, వాళ్లు ఇనీషియల్ మింగినారు, నేను మనిషినే మింగినా. చూడు, ఈ మీసం ఇంకా ఉండాది, సున్నంలో ముంచినట్టు. థూ!

వాడు చెప్పులు తీసుకోని పాయె. తాడిపత్రిలో బండల పనికి కుదురుకున్నాడని వింటి. రెండువేల నాలుగులో లారీ మీంచి బండ జారి వాని మీద పడిందంట.

కర్మలు అయినంక హనుమక్క వచ్చింది. "శేషన్నా, మావోని పేరు గోడ మీద రాసినావంట గదా, యాడ?" గొప్పకు ఆ గోడకు సున్నం కూడా కొట్టించలేదు నేను. చూపిస్తి. ఆయమ్మకు చదువు రాదు. ఏలు పెట్టి ఒక్కో అక్షరం తడివింది. తడివి, నా దిక్కు తిరిగి, "ఇది మావోడే గదన్నా?" అనె.

నేను... ఏమప్పా, ప్లేటు ఖాళీ అయింది? ఇంకో బజ్జీ పెడతానుండు.