“ఆపొద్దు” చీటీ

ల్యాబులో పాత కంప్యూటర్‌కి “ఆపొద్దు” అని చీటీ అంటించి ఉంది. దాని పని కొత్తదాంట్లోకి మార్చడానికి వచ్చిన కంప్యూటరు అమ్మాయికి ల్యాబు పెద్దావిడ అడ్డంగా నిలబడింది.

“దీన్ని ఆపితే రిపోర్టులు రావమ్మాయ్. ఇదివరకు ఇద్దరు కొత్తదాంట్లో పెట్టబోయి చేతులెత్తేశారు.”

“వాళ్ళు ప్రోగ్రామొక్కటే తెచ్చుకుని, అది నడవడానికి కావలసిన తోడు ప్రోగ్రాములు, అదే ప్యాకేజీలన్నీ, కొత్తవి దించారు; అవి దానికి పొసగలేదు మేడమ్. నేను ఇందులో ఏది ఏ వెర్షనో జాబితా రాసుకుని, అచ్చం అవే ఎక్కించాను.”

“అంకె తేడా వస్తే రోగికి మందు మారిపోతుంది, తెలుసా?”

“తెలుసు. అందుకే నిన్నటి నలభై రిపోర్టులూ కొత్తదాంట్లో మళ్ళీ తీశాను. పక్కపక్కన పెట్టి చూడండి.”

“...దశాంశం కూడా కదల్లేదే! సరే, నువ్వు లేనప్పుడు ఇదీ పాడైతే?”

“జాబితా ఉందిగా. ఎవరైనా అరగంటలో ఇంకోదాంట్లో పెట్టేస్తారు.”

ఆవిడ చీటీ పీకేసింది.

“ఆ జాబితా ప్రింటు తియ్యి. కొత్తదానికి అది అంటిద్దాం.”